ఆర్10 మ్యాచ్ పిస్టల్ పెల్లెట్లు: మూడు ఆదివారాలు వాడి చూశాక

మాది కావలి. చెన్నైలో పెరంబూరు దగ్గర మందుల షాపులో ఫార్మసిస్టుగా పని చేస్తున్నాను. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున పది మీటర్ల ఎయిర్ పిస్టల్ షూటింగ్‌కి వెళ్తున్నాను. నాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న స్టెయిర్ ఎల్‌పీ10. ఇన్నేళ్లూ ఒకే పెల్లెట్ (పిస్టల్‌లో వేసే చిన్న సీసపు గుండు) వాడాను, హెచ్ అండ్ ఎన్ వాళ్ల ఫినాలే మ్యాచ్. మొన్న వేసవిలో అది నేను కొనే షాపులో అయిపోయింది. షాపాయన ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ల ఆర్10 మ్యాచ్ పిస్టల్ డబ్బా చేతిలో పెట్టి, "రెండూ జర్మనీవే మేడం, తేడా ఏముంటుంది" అన్నాడు.

తేడా ఉంటుంది. అది తెలుసుకోవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

మొదటి వారం డబ్బా విప్పి నేరుగా అరవై షాట్లు కొట్టాను. మామూలుగా 600కి 548 దగ్గర ఉండే స్కోరు 537కి పడిపోయింది. షాట్లన్నీ కాస్త పైకి పోతున్నాయి. చెయ్యి బిగుసుకుందేమో, ట్రిగ్గర్ గుంజేస్తున్నానేమో అని టెన్షన్. వారమంతా రాత్రి షాపు మూశాక ఇంట్లో గోడకు ఎదురుగా నిలబడి డ్రై ఫైర్ చేశాను, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన. పెల్లెట్ మీద అనుమానమే రాలేదు.

ఆ వారంలోనే అమెరికాలో ఉన్న మా బాబాయి ఫోన్ చేశాడు. ఆయన అక్కడ తన హ్యాండ్‌గన్ తూటాలు తనే నింపుకుంటాడు. ఎప్పుడూ వాడే పౌడర్ (తూటాలో పోసే మందు) దొరక్క, షాట్‌గన్ తూటాలకు వాడే పౌడర్ ఒకటి కొత్తగా కొన్నాడట. "కొత్త డబ్బా అంటే పాత లెక్క మర్చిపోవాలమ్మా. ఈ పౌడర్‌కి, ఈ తూటాకి మాన్యువల్‌లో లెక్క ఉంటేనే ముట్టుకుంటా. ఉన్నా, అందులో ఇచ్చిన అతి తక్కువ మోతాదు నుంచే మొదలుపెడతా. ఒక్కో మెట్టుకి ఐదారు తూటాలు నింపి, కాల్చి, ఖాళీ కేసులు చూసుకున్నాకే పై మెట్టు" అన్నాడు. కేసు అంటే పౌడర్ పోసే తూటా గొట్టం. ఆ పౌడర్ తొందరగా మండే రకం. మోతాదు కొంచెమే కాబట్టి కేసు అడుగున ఉంటుంది, పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొంగదు. అందుకని బుల్లెట్ బిగించే ముందు ప్రతి కేసులోకీ టార్చ్ వేసి చూస్తాడట. అక్కడ పొరపాటు జరిగితే తుపాకీ పగులుతుంది, చెయ్యి పోతుంది. నాకైతే పోయేది పాయింట్లే. కానీ ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినదాన్ని విడిగా పరీక్షించాలి అన్న పద్ధతి నాకూ పనికొచ్చేదే. నేను పెల్లెట్ మార్చి చేతిని అనుమానించాను.

డబ్బా తిరగేసి చూస్తే తల సైజు 4.49 మిల్లీమీటర్లు. ఇదే పెల్లెట్ 4.50లో కూడా వస్తుంది. అదొక డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించాను. కొరియర్‌లో మూలకు సొట్టపడి వచ్చింది, అమ్మినవాళ్లు మార్చి ఇవ్వలేదు. ఆ మూలనున్న కొన్ని పెల్లెట్లకు వెనక గుల్లగా ఉండే స్కర్ట్ అంచు వంగిపోయింది. ఆ అంచే బ్యారెల్‌లో గాలిని ఆపేది. అది వంగితే పెల్లెట్ నేరుగా పోదు. వాటిని ఏరి పారేశాను.

తూకం వేయడం నా వృత్తి కదా, ఒక మిల్లీగ్రాము దాకా చూపే త్రాసు మీద యాభై పెల్లెట్లు ఒక్కొక్కటిగా పట్కారుతో పెట్టి చూశాను. డబ్బా మీద రాసింది 0.45 గ్రాములు. నలభై ఆరు పెల్లెట్లు 0.448కీ 0.453కీ మధ్యే తూగాయి. మాత్రల్లో కూడా ఇంత ఒద్దిక అరుదు. నాకు ముచ్చటేసింది.

రెండో ఆదివారం స్కోరు ఊసే ఎత్తలేదు. బల్ల మీద బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచీ పెట్టి, దాని మీద పిస్టల్ ఆనించి కూర్చున్నాను. పాత డబ్బా అడుగున సరిగ్గా ముప్పై మిగిలాయి. అందుకే మూడు రకాలూ తలా ముప్పై, కార్డుకి ఐదు షాట్లు. ఒకే రకం వరసగా కొడితే చివరికి వచ్చేసరికి కళ్లు అలసిపోయి లెక్క తప్పుతుంది. కాబట్టి పాతది ఒక కార్డు, 4.49 ఒకటి, 4.50 ఒకటి, మళ్లీ మొదటికి. రకం మార్చినప్పుడల్లా రెండు మూడు షాట్లు పక్క కార్డు మీద వదిలేశాను. వాటికోసం పాతవి కొన్ని పక్కలేన్ గూడూరు కుర్రాడు ఇచ్చాడు. సిలిండర్‌లో గాలి తగ్గనివ్వలేదు.

చదును తల కావడంతో కాగితం మీద చిల్లు పంచింగ్ మెషిన్‌తో కొట్టినట్టు గుండ్రంగా, అంచు చిరగకుండా పడింది. కార్డు మీది ఐదు చిల్లుల గుంపుని వెర్నియర్‌తో బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిస్తే, పాతది ఎక్కువగా 8 మిల్లీమీటర్లు. 4.50 ఆర్10 ఏడు దాటిన కార్డు ఒక్కటే. 4.49 మాత్రం కార్డుకి ఒకటి పక్కకు జరిగి తొమ్మిది, పది దాకా వెళ్లింది. పది పాయింట్ల వలయం వెడల్పే 11.5 మిల్లీమీటర్లు. గీతకు చిల్లు అంచు తగిలినా పదే ఇస్తారు, అయినా బల్ల మీదే గుంపు అంత విప్పారితే నిలబడి కొట్టే చేతికి మిగిలే వెసులుబాటు తగ్గిపోతుంది.

ఇది నా బ్యారెల్ సంగతి మాత్రమే. "అక్కా, నాకు 4.49 బాగా పడుతోంది" అని ఆ గూడూరు కుర్రాడు తన కార్డు తెచ్చి చూపించాడు, నిజంగానే బాగుంది. కాబట్టి రెండు సైజులూ ఒక్కో డబ్బా కొని మీ పిస్టల్‌తోనే తేల్చుకోండి. నచ్చితే అదే లాట్ నంబరువి మరో రెండు మూడు డబ్బాలు ఒకేసారి తీసుకోండి. లాట్ మారితే మళ్లీ పరీక్షే.

ఇంకో మాట. రెండు కొత్త సైజులూ నా పాత గుంపు కంటే పైకే పడ్డాయి. వెనక సైట్ రెండు క్లిక్కులు దించాను. మొదటి వారం పోయిన పదకొండు పాయింట్లలో ఎక్కువ వంతు దీనివల్లే.

చెన్నై గాలికి విప్పిన డబ్బాలో సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. మాత్రల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి మూత బిగించండి. ఆ పొడి విషం. రేంజ్‌లో పిల్లలు పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుని లోడ్ చేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తల్లిదండ్రులు దయచేసి గమనించండి, సబ్బుతో చేతులు కడిగించాకే టిఫిన్ పెట్టండి.

దేశీ పెల్లెట్ల కంటే ధర చాలా ఎక్కువ. ప్రాక్టీసులో అరవై షాట్లూ వీటితోనే కొట్టనక్కర్లేదు, నేను మ్యాచ్‌కి, మ్యాచ్ ముందు వారానికి మాత్రమే వాడుతున్నాను. మూడో ఆదివారం 4.50తో నిలబడి 551 కొట్టాను. ఆ లాట్‌వి ఇంకో మూడు డబ్బాలు షాపాయన దగ్గర పక్కన పెట్టించాను.