కాల్చే పొగాకు, నమిలే పొగాకు

"సిగరెట్ మానేసి ఖైనీకి మారాను, ఇక భయం లేదు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం భారతదేశంలోని పెద్దల్లో పొగ తాగేవారు 10.7 శాతం, నమిలే రకం వంటి పొగరాని పొగాకు వాడేవారు 21.4 శాతం. ఇక్కడ నోటి క్యాన్సర్ ఇంతగా ఉండటానికి అదొక పెద్ద కారణం. ఖైనీ దట్టించే చోటే, పెదవి వెనుకో బుగ్గ లోపలో, తెల్లమచ్చ లేస్తుంది. గుట్కాలో వక్క కూడా ఉంటుంది కాబట్టి క్రమంగా నోరు తెరుచుకోవడమే కష్టమవుతుంది.

పొగ ఒకచోట ఆగదు. గొంతు, ఊపిరితిత్తులు, మూత్రాశయం దాకా వెళుతుంది, పక్కనున్న పిల్లలనూ వదలదు. ఉత్తర కోస్తాలో అడ్డపొగ తాగే స్త్రీలు చుట్ట నిప్పును నోటి లోపలే ఉంచుకుంటారు, అందుకే వారిలో అంగిలి క్యాన్సర్ కనిపిస్తుంది.

ఏది నయమని అడిగితే నేను రెండూ వద్దంటాను. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోను చేయండి.