నాలుగేళ్లు వాడిన ఎల్298ఎన్ ఎర్ర బోర్డు: నా గొడవంతా ఆ మూడో స్క్రూతోనే

రోబో మోటార్లని నడిపే ఈ ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డుకి వైర్లు ఎక్కడ పెట్టాలో, ఏ పిన్ ఏంటో నేను చెప్పను, కాలేజీలో ఒక్క రోబో చేసినవాడికైనా కళ్లు మూసుకుని తెలిసిన వస్తువే ఇది. ఫస్టియర్‌లో కోఠి గుజరాతీ గల్లీలో మొదటిది కొన్నా, ఇప్పటికి ఆరు బోర్డులు నా చేతిలోంచి పోయాయి, అందులో రెండు ఇంకా బతికే ఉన్నాయి. మోటార్లు తిప్పడం వరకు దీని మీద నాకు పెద్ద కంప్లయింట్ లేదు (ఉంది, కింద చెప్తా). నా కోపమంతా పవర్ టెర్మినల్‌లో 12 వోల్టులు, గ్రౌండ్ తర్వాత ఉండే ఆ మూడో స్క్రూ మీద, 5 వోల్టులు ఇస్తా రండి అని పిలుస్తుంది చూడండి, దాని మీద.

ఎందుకంటే అది చాలా సుఖంగా ఉంటుంది. ఒకటే బ్యాటరీ, మోటార్లకీ అదే, ఆ స్క్రూ నుంచీ గ్రౌండ్ నుంచీ వైర్లు లాగితే నానోకీ (రోబోకి మెదడు లాంటి ఆర్డినో బోర్డు) సెన్సార్లకీ సర్వోకీ (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్) అన్నింటికీ పవర్ వచ్చేస్తుంది. సెకండియర్‌లో జూనియర్లకి వర్క్‌షాప్ పెట్టినప్పుడు నేనే బోర్డు మీద గీసి మరీ చెప్పా, "వేరే రెగ్యులేటర్ ఎందుకురా డబ్బులు దండగ" అని. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా.

థర్డియర్‌లో వేరే ఊళ్లో ఒక కాలేజీ ఫెస్ట్‌కి వెళ్లాం నలుగురం, రోబోని షూ డబ్బాలో పెట్టుకుని రాత్రి బస్సులో. టాస్క్ ఏంటంటే లైన్ ఫాలో అవుతూ వెళ్లి చివర చెక్క దిమ్మెని గ్రిప్పర్‌తో పట్టుకుని ఇంకో చోట పెట్టాలి. మాది 12 వోల్టుల జాన్సన్ మోటార్లు, 3ఎస్ లైపో (మూడు సెల్లుల బ్యాటరీ), నానో, లైన్ చూసే ఎనిమిది ఐఆర్ సెన్సార్ల వరస, గ్రిప్పర్‌కి ఎస్‌జీ90 సర్వో. మోటార్లు తప్ప మిగతావన్నీ మూడో స్క్రూ మీదే. హాస్టల్ వరండాలో చార్ట్‌లు అతికించి నల్ల ఇన్సులేషన్ టేప్ వేసి ముందురోజు వరసగా పదకొండు రన్‌లు కొట్టాం, ఒక్కటి కూడా తప్పలేదు. బస్సులో అందరం ప్రైజ్ మనీ పంచేసుకున్నాం కూడా.

అక్కడ అరేనా ఫ్లెక్స్ మీద ప్రింట్ చేయించారు. మా ముందు తొమ్మిది టీములు. సెన్సార్లు ఆ ఫ్లెక్స్ మీద క్యాలిబ్రేట్ చేసుకున్నాం (లైన్ ఎలా కనిపిస్తుందో, నేల ఎలా కనిపిస్తుందో వాటికి నేర్పడం), ఆ విలువలు ర్యామ్‌లోనే ఉంటాయి కదా, ఆఫ్ చేస్తే పోతాయని రోబోని ఆన్‌లోనే పెట్టి అరగంట పైన లైన్లో నిలబడ్డాం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

మా టర్న్ వచ్చింది. లైన్ బ్రహ్మాండంగా తిరిగింది, దిమ్మె దగ్గరికి వెళ్లింది, గ్రిప్పర్ మూసుకుంది, ఎత్తబోతూ టక్కున ఆగి దిమ్మెని వదిలేసి, ఎడమకీ కుడికీ తల ఊపడం మొదలెట్టింది. వద్దు వద్దు అన్నట్టు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చేత్తో ముట్టుకుని రీస్టార్ట్ చేసే ఛాన్స్ ఒకటి ఉంటే అదీ వాడాం, మళ్లీ అదే చోట అదే తల ఊపుడు. లంచ్ తర్వాత రెండో స్లాట్ ఉంది, అంతవరకు మూడు గంటల టైం.

ఇక్కడే మేం బోల్తా పడింది. లైన్ పోతే అటూ ఇటూ తిరిగి వెతకమని మా కోడ్‌లో ఉంది, కాబట్టి అందరం లైన్ పోయిందనే ఫిక్స్ అయిపోయాం. ఒకడు కోడ్‌లో కేడీ అనే కంట్రోల్ విలువ పెంచుతాడు, ఇంకొకడు జంపర్ వైర్లన్నిటికీ గ్లూ గన్ కొడతాడు, నేనైతే ఫ్లెక్స్ మెరుపు వల్ల సెన్సార్లు మోసపోతున్నాయని ఆర్గనైజర్లతో గొడవ కూడా పెట్టుకున్నా, పాపం వాళ్లదేం తప్పు లేదు. గంటన్నర అలా కాలిపోయింది.

చివరికి మాలో ఒకమ్మాయి ఫోన్‌లో తీసిన వీడియో పట్టుకుని కొంచెం కొంచెం జరుపుతూ చూసింది. "ఒరేయ్, తల ఊపే ముందు నానో మీద లైటు కొట్టుకుంటోంది చూడండ్రా" అంది. ఎల్ అని రాసుండే బుల్లి ఎల్‌ఈడీ అది, నానో రీసెట్ అయినప్పుడు బూట్‌లోడర్ (మన కోడ్ కన్నా ముందు నడిచే బుల్లి ప్రోగ్రామ్) దాన్ని టపటపా మెరిపిస్తుంది. అంటే అది లైన్ వెతకడం కాదు, చచ్చి మళ్లీ పుట్టి మొదటి నుంచి క్యాలిబ్రేషన్ చేసుకుంటోంది, క్యాలిబ్రేషన్‌లో కూడా ఎడమా కుడీ తిరగమనే కదా మేం రాసింది! రెండు పనులకీ ఒకే డాన్స్ పెట్టుకున్న మా తెలివికి నమస్కారం.

రీసెట్ అంటే పవరే. మూడో స్క్రూ వెనకాల ఉండే నల్ల 78ఎం05 మీద (బ్యాటరీ వోల్టేజ్‌ని 5కి దించే రెగ్యులేటర్ అదే) వేలు పెట్టా, ఠక్కున తీసేశా, అంత కాలిపోతోంది. అప్పుడు కూర్చుని కాగితం మీద లెక్క వేశాం: నిండా ఛార్జ్ అయిన 3ఎస్ 12.6 వోల్టులు, బయటికి ఇచ్చేది 5, మధ్యలో 7.6 వోల్టులు వేడి కిందే పోతాయి. సెన్సార్లూ నానో కలిపి 0.2 ఆంపియర్ లాగినా ఒకటిన్నర వాట్, దానికి పెద్ద హీట్‌సింక్ కూడా లేదు (ఆ పెద్దది మోటార్ చిప్‌కి, దీనికి కాదు). పైగా అది ఇవ్వగలిగేదే అర ఆంపియర్, సర్వో బిగుసుకుపోతే ఒక్కటే అంతకన్నా ఎక్కువ అడుగుతుంది. అప్పటికే అరగంట కూర్చుని ఉడికిన రెగ్యులేటర్, పైన సర్వో, ఇంకేముంది, 5 వోల్టులు కిందికి జారిపోయి నానో రీసెట్.

మరి హాస్టల్లో ఎందుకు రాలేదంటే అక్కడ ఆన్ చేసిన నిమిషానికే పరిగెత్తించేవాళ్లం, దిమ్మె బదులు థర్మోకోల్ ముక్క పెట్టేవాళ్లం. థర్మోకోల్ నొక్కితే లోపలికి పోతుంది, సర్వో చెప్పిన కోణం దాకా వెళ్లి ఊరుకుంటుంది. చెక్క లొంగదు, సర్వో ఇంకా మూయాలి ఇంకా మూయాలని కొట్టుకుంటూనే ఉంటుంది. కాబట్టి తప్పు మొత్తం బోర్డుది అని రాస్తే అన్యాయం, సగం మాదే.

లంచ్ మానేసి గేటు బయట మొబైల్ షాపులో కారు ఛార్జర్ ఒకటి కొన్నాం, కార్లో 12 వోల్టుల నుంచి 5 వోల్టులు చేసేదే కదా, పైన ప్లాస్టిక్ పగలగొట్టి లోపలి బోర్డు తీసి, పక్క టీమ్ దగ్గర సోల్డరింగ్ ఐరన్ అడుక్కుని సర్వోకి విడిగా పెట్టేశాం. బ్యాటరీ ఒకటే కాబట్టి గ్రౌండ్ ఎలాగూ కలిసే ఉంది. గ్రిప్పర్ మూసే కోణం కూడా కొంచెం తగ్గించాం, చెక్కని పట్టుకుంటే చాలు, పిసకక్కర్లేదని. రెండో స్లాట్‌లో ఎక్కడా ఆగకుండా పూర్తిచేసింది. నాలుగో ప్లేస్, ప్రైజులు మూడింటికే. ఆ ఛార్జర్ ముక్క మాత్రం ఇప్పటికీ నా టూల్ బాక్స్‌లో ఉంది, పారెయ్యబుద్ధి కాదు.

తర్వాత నుంచి పద్ధతి మార్చా. ఎల్ఎం2596 బక్ మాడ్యూల్ (అంత వేడెక్కకుండా వోల్టేజ్ దించేది) ఒకటి వేరే పెట్టి, ఎర్ర బోర్డు మీద 5 వోల్టుల జంపర్ (రెండు పిన్నులని కలిపే బుల్లి టోపీ) పీకేసి, బక్ నుంచి వచ్చే 5 వోల్టులని అదే మూడో స్క్రూలోకి ఎక్కిస్తా. జంపర్ తీసేస్తే ఆ స్క్రూ ఇవ్వడం మానేసి పుచ్చుకుంటుంది. ఒక్క జాగ్రత్త, బక్ మీద చిన్న స్క్రూ తిప్పి మల్టీమీటర్‌లో 5 చూసుకున్నాకే ఏదైనా తగిలించండి, నేను తొందరపడి ఒక సెన్సార్ వరస మొత్తం కాల్చేశా.

ఇక పైన మోటార్ల విషయంలో కంప్లయింట్ లేదన్నా కదా. ఫైనలియర్‌లో ఎన్20 అనే బుల్లి మోటార్లతో, 2ఎస్ (రెండు సెల్లుల) బ్యాటరీతో చిన్న లైన్ ఫాలోయర్ చేశాం, ఎంత చేసినా నత్తలా నడుస్తుంటే మోటార్లు డూప్లికేట్ అని షాపు వాణ్ణి తిట్టుకున్నాం. మీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 8.1, మోటార్ దగ్గర 6.2, మధ్యలో రెండు వోల్టుల దాకా ఈ బోర్డే మింగేస్తోంది. పాతకాలం బైపోలార్ ట్రాన్సిస్టర్ల చిప్ ఇది, దాని గుణమే అంత. తక్కువ వోల్టేజ్ మింగే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లతో ఉండే టీబీ6612 డ్రైవర్ పెట్టి ఆన్ చేస్తే మొదటి మలుపులోనే ట్రాక్ దాటి గోడకి గుద్దుకుంది, కంట్రోల్ విలువలన్నీ ఆ నీరసం మోటార్లకి సెట్ చేసినవి మరి! రెండు రోజులు మళ్లీ ట్యూనింగ్.

అలాగని టీబీ6612 కొనెయ్యండి అని కూడా అనను. అది నిలకడగా ఇచ్చేది 1.2 ఆంపియరే, మా జూనియర్ ఒకడు దాన్ని జాన్సన్ మోటార్లకి పెట్టి చక్రం చేత్తో ఆపి చూశాడు, పొగ కూడా రాలేదు, చప్పుడు లేకుండా పోయింది. అదే పని ఎర్ర బోర్డుతో ఎన్నిసార్లు చేశామో లెక్కలేదు, వేడెక్కి ఆగి కాసేపటికి మళ్లీ లేచేది.

ఫస్టియర్, పసుపు బీఓ మోటార్లు, పాకెట్ మనీ బడ్జెట్ అయితే నేను ఇప్పటికీ దీన్నే కొనుక్కోమంటా, సర్వో మాత్రం ఆ స్క్రూకి తగిలించకండి. స్పీడ్ ఈవెంట్ అయితే వద్దు. మీ మోటార్లు, మీ బ్యాటరీ వేరే అయితే నా అంకెలు మీకు సరిపోకపోవచ్చు, నేను వాడినవన్నీ గల్లీలో కొన్న కాపీ బోర్డులే, ఒకదానికి ఇంకోదానికి పోలిక ఉండదు. మా క్లబ్‌లో మాత్రం కొత్త బోర్డు రాగానే ముందు ఆ జంపర్ పీకి డబ్బాలో వేస్తాం.