ఫర్నేస్ బ్లోయర్ మోటారు పోతే: మనమే మార్చాలా, టెక్నీషియన్‌ను పిలవాలా?

అమెరికా చలికాలంలో ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌లో బర్నర్ వెలుగుతున్నా గాలి రావడం లేదంటే, ఆ గాలిని తోసే బ్లోయర్ ఫ్యాన్ మోటారు ఆగినట్టే. పాతరకం పీఎస్‌సీ మోటార్లలో (కెపాసిటర్ సాయంతో తిరిగేవి) ముందు కెపాసిటర్‌ను, అంటే మోటారు తిరగడానికి తోడ్పడే చిన్న విద్యుత్ భాగాన్ని చూడండి. చాలాసార్లు పోయేది ఆ చౌక భాగమే.

ఖర్చు: మనమే కొంటే పీఎస్‌సీ మోటారు సుమారు 100–200 డాలర్లు. మనిషిని పిలిస్తే కూలీతో కలిపి అంతకు మూడు నాలుగింతలు కావచ్చు.

శ్రమ: మనకు సగం రోజు, అతనికి గంటా రెండు గంటలు. హార్స్‌పవర్, వోల్టేజ్, ఆర్‌పీఎం, తిరిగే దిశ పాతదానితో కలవాలి. విప్పేముందు వైర్లు ఫొటో తీసుకోండి. అసలు కష్టం, తుప్పు పట్టిన మోటారు షాఫ్ట్ నుంచి ఫ్యాన్ చక్రాన్ని ఊడదీయడం.

రిస్క్: బ్రేకర్ ఆపినా కెపాసిటర్‌లో చార్జ్ నిలిచి ఉండొచ్చు. డిశ్చార్జ్ చేయకుండా దయచేసి ముట్టుకోవద్దు. గ్యాస్ పైపుల జోలికి అసలే పోవద్దు.

వారంటీ ముగిసిన పీఎస్‌సీ అయి, మల్టీమీటర్ వాడటం వస్తే మీరే మార్చుకోండి. వారంటీ ఉంటే పిలవండి. ఈసీఎం (ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో నడిచే కొత్తరకం) మోటారైనా అంతే, పిలవండి. దాని కంట్రోల్ మాడ్యూల్ చాలావరకు ఆ ఫర్నేస్ మోడల్‌కే ప్రోగ్రామ్ చేసి ఉంటుంది, తప్పుది కొంటే డబ్బు దండగ. ఇంట్లో పసిపిల్లలుండి బయట గడ్డకట్టే చలి ఉంటే ప్రయోగాలు వద్దు. అద్దె ఇల్లయితే ఓనర్‌కు ఫోన్ చేయండి.