ముసలి కుక్కకు ఇల్లు వెతికే సేవలు: నాలుగు రకాలు, మా మార్కులు

కుక్కపిల్లను దత్తత ఇవ్వాలంటే చాలాసార్లు ఒక మంచి ఫొటో చాలు. పదేళ్లు పైబడిన రెస్క్యూ కుక్క ఫొటో పెడితే ‘అయ్యో పాపం’లు వస్తాయి, షేర్లు వస్తాయి, ఇల్లు మాత్రం దొరకదు. జనానికి జాలి లేక కాదు. తీసుకుందామనుకున్నవాళ్లను మూడు భయాలు వెనక్కి లాగుతాయి: ఇంకెన్నాళ్లుంటుంది, వైద్యం ఖర్చు ఎవరిది, ఇంట్లో కుదరకపోతే ఏం చేయాలి. ఈ మూడింటికీ కాగితం మీద జవాబిచ్చే సేవకే ఇక్కడ ఎక్కువ మార్కులు వేశాం. వెబ్‌సైట్ ఎంత అందంగా ఉందన్నది లెక్కలోకి తీసుకోలేదు.

ఆన్‌లైన్ లిస్టింగులు: 5కి 2.5

ఎక్కువమందికి చేరేది ఇవే. కానీ వెతికేవాళ్లు వయసు దగ్గర ‘రెండేళ్లలోపు’ అని నొక్కగానే ముసలి కుక్కలన్నీ జాబితాలోంచి మాయమవుతాయి. వాటికి విడిగా ఒక పేజీ పెట్టి, మొదటి స్క్రీన్‌లోనే కనిపించేలా ఉంచిన సైటు కాస్త నయం.

వయసు రాసే తీరు ఇంకా అధ్వానం. మూతి నెరిసింది కదా అని పన్నెండేళ్లు వేసేస్తారు. కొన్ని కుక్కలకు నడివయసు రాకముందే మూతి నెరుస్తుంది. పళ్ల అరుగుదల, కళ్లు, కీళ్లు చూసి వెట్ (పశువుల డాక్టర్) చెప్పిన అంచనా మేలు, అదీ ‘సుమారు’ అన్న మాటతో. వయసు పక్కన బరువు కూడా ఉండి తీరాలి. బాగా పెద్ద జాతి కుక్క ఏడేళ్లకే ముసలితనంలోకి వస్తుంది, చిన్న జాతి కుక్క పదేళ్లకూ గంతులేస్తుంది.

ఫొటోల దగ్గర చేసే ముఖ్యమైన తప్పు ఫ్లాష్. వయసు మీద పడిన కుక్క కంటి కటకం గట్టిపడి నీలం పొరలా కనిపిస్తుంది. చూపుకు దానివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు, శుక్లం వేరే సంగతి. ఫ్లాష్ వెలుగులో మాత్రం ‘ఇది గుడ్డిదేమో’ అనిపిస్తుంది. పగటి వెలుతురులో, కెమెరాను కుక్క కళ్ల ఎత్తుకు దించి తీయాలి. ఫొటో కన్నా అర నిమిషం వీడియో ఎక్కువ పని చేస్తుంది: పడుకున్నది లేవడం, పదడుగులు నడవడం, ఒక మెట్టు ఎక్కడం. చూసేవాళ్లు ఊహించుకునే కుంటితనం కన్నా అసలుది చాలాసార్లు తక్కువే ఉంటుంది.

ఇక రాత. ‘మీ ప్రేమ కోసం ఎదురుచూస్తోంది’ అన్న వాక్యంతో ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా ఉండాలి: ‘ఆడ, 18 కిలోలు, సుమారు పదేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. బెల్టు లాగదు. ఆరు మెట్లు ఎక్కుతుంది, దిగేటప్పుడు తటపటాయిస్తుంది. రాత్రి ఒకసారి బయటికి తీసుకెళ్లాలి. పిల్లులతో పడదు. తింటున్నప్పుడు గిన్నె ముట్టుకుంటే గుర్రుమంటుంది. కీళ్లనొప్పికి రోజూ ఒక మాత్ర.’ గుర్రుమనే సంగతి దాచిపెట్టి ఇచ్చిన కుక్క పది రోజుల్లో వెనక్కి వస్తుంది. ఈసారి దాని పేరు పక్కన ‘వాపసు వచ్చింది’ అనే మచ్చ కూడా ఉంటుంది.

దత్తత మేళాలు: 5కి 1

చెవులు సరిగా వినిపించని, నడుము పట్టేసిన కుక్కను మైకుల మోత మధ్య గట్టి నేల మీద గంటల తరబడి కూర్చోబెడితే వణుకుతుంది, లేదా మొహం తిప్పుకుని పడుకుంటుంది. పక్క బోనులో కుక్కపిల్లలు ఎగురుతుంటే దాన్ని ఎవరు చూస్తారు? ఆ ఒక్క మార్కు కూడా, కుక్కను అక్కడికి తేకుండా బోర్డు, వీడియో పెట్టి, ఆసక్తి ఉన్నవాళ్లకు విడిగా అపాయింట్‌మెంట్ ఇచ్చే నిర్వాహకులకే.

ట్రయల్ దత్తత: 5కి 4.5

మొదట ఫోస్టర్‌గా, అంటే సొంతం చేసుకోకుండా కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని చూసుకునేలా, ఇంటికి పంపుతారు. కుదిరాకే దత్తత సంతకం. ముసలి కుక్క విషయంలో ఇంతకు మించిన పద్ధతి లేదు, ఎందుకంటే పైన చెప్పిన మూడో భయం మొదటి రోజే తీరిపోతుంది. కాకపోతే పేరు ఒకటే అయినా అందరూ ఒకేలా నడపరు. తేడా తెలిసేది ఫైలు దగ్గర.

ఆ ఫైల్లో ‘అంతా నార్మల్’ అన్న చీటీ కాదు, అసలు రిపోర్టులుండాలి: రక్తకణాల లెక్క, కిడ్నీ, లివర్, షుగర్, మూత్ర పరీక్ష, టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం), గుండె పురుగు పరీక్ష, టీకాల కార్డు. కిడ్నీకి రక్తంలో క్రియాటినిన్ ఒక్కటే చూసి సరిపెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. కిడ్నీల సామర్థ్యం దాదాపు 75 శాతం పోయేదాకా అది పెరగదు. మూత్రం చిక్కదనం, వీలైతే ఎస్‌డీఎంఏ అనే రక్తపరీక్ష కూడా చూస్తే ముందే పసిగట్టవచ్చు. ఒంటి మీద గడ్డలుంటే సూదితో తీసిన నమూనా ఫలితం జత చేయాలి. పుచ్చిపోయిన పళ్లు తీయించే పని ఇంటికి పంపకముందే అయిపోవాలి. నోటి వాసనకు సగంమంది వెనక్కి తగ్గుతారు, మత్తుమందు ఇచ్చి చేసే ఆ చికిత్స ఖర్చు విని మిగతావాళ్లు తగ్గుతారు.

గడువు రెండు వారాలు ఇచ్చేవాళ్లున్నారు. చాలదు, నాలుగు వారాలు కావాలి. కొత్త చోట మొదటి మూడు రోజులు కుక్క తిండి సరిగా తినదు, మూలన నక్కుతుంది, ‘ఎంత బుద్ధిమంతురాలో’ అనిపిస్తుంది. ఒంటరిగా వదిలితే అరవడం, గిన్నెకు కాపలా కాయడం లాంటివి కాస్త కుదురుకున్నాకే బయటపడతాయి. కీళ్లనొప్పి మందు పూర్తి ప్రభావం తెలియడానికీ రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. ఆలోగానే ‘నడవలేకపోతోంది’ అని తీర్పు చెప్పేయడం దానికి అన్యాయం.

కుక్కతో పాటు నెలకు సరిపడా మందులు, ఇప్పటిదాకా తింటున్న ఆహారం పంపాలి. కొత్త ఆహారానికి మార్చడం వారం పది రోజుల్లో, పావు వంతు చొప్పున. ఇంట్లో ముందుగా చూడాల్సింది గచ్చు. నున్నటి టైల్స్ మీద వెనక కాళ్లు జారితే ఒకటి రెండుసార్లకే అది లేవడం మానేస్తుంది, ఇంటివాళ్లు జబ్బు చేసిందనుకుంటారు. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా కింద రబ్బరున్న చాపలు వరసగా పరిస్తే సమస్య చాలావరకు తీరుతుంది. మొదటి వారం నాలుగు గంటలకోసారి, పడుకునే ముందు తప్పనిసరిగా బయటికి తీసుకెళ్లాలి.

అయినా ఇంట్లో మూత్రం పోస్తుంటే తిట్టే ముందు అది తాగే నీళ్లు కొలవండి. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 20 కిలోల కుక్క రెండు లీటర్లకు మించి తాగుతుంటే, అది శిక్షణ లోపం కాదు. కిడ్నీయో, షుగరో, కుషింగ్స్ అనే హార్మోన్ల జబ్బో ఉందేమో చూపించాలి. రాత్రంతా పచార్లు చేయడం, మూలలో ఇరుక్కుని బయటికి రాలేకపోవడం మతిమరుపు జబ్బు లక్షణాలు కావచ్చు, నొప్పి వల్లా పచార్లు చేయవచ్చు. వెట్ తేల్చాలి. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ లాంటి మన నొప్పి మాత్రలు ఇవ్వడం మాత్రం విషం పెట్టడంతో సమానం.

ఇంట్లో ఇంకో కుక్క ఉంటే పరిచయం గుమ్మంలో వద్దు. రెండింటినీ బయట, ఎడంగా, ఒకే దిక్కుకు నడిపించి తర్వాత లోపలికి తేవాలి, గిన్నెలు వేర్వేరు గదుల్లో పెట్టాలి. చెవిటి కుక్క నిద్రలో ఉండగా పిల్లలు మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి కరిచే ప్రమాదం ఉంది. పక్కన నేల మీద తట్టి లేపాలని పిల్లలకు ముందే నేర్పాలి.

అర మార్కు ఎందుకు కోశామంటే, చాలాచోట్ల కుక్కను అప్పగించాక ఫోన్ రాదు. రెండో రోజు, వారానికి, మూడో వారానికి ఎవరో ఒకరు అడగాలి. గడువు దాటినా ఎవరూ మాట్లాడలేదు కాబట్టి దత్తత అయిపోయినట్టే అనుకునే పద్ధతి ఉంటే సంతకం పెట్టకండి. ట్రయల్‌లో అత్యవసరం వస్తే బిల్లు ఎవరిది, ఎప్పుడైనా తిరిగి తీసుకుంటారా, చర్మం కింద పెట్టే మైక్రోచిప్ 15 అంకెల నంబరు ఏ తేదీకి కొత్తవాళ్ల పేరు మీదికి మారుతుంది అన్నవి ఒప్పందంలో రాసి ఉండాలి. చిప్ మార్పిడి మరిచిపోతే, తప్పిపోయిన కుక్క దొరికినా ఫోన్ పాత నంబరుకే వెళ్తుంది.

జీవితాంత ఫోస్టర్: 5కి 4

గుండె, కిడ్నీ, క్యాన్సర్ లాంటి నయం కాని జబ్బులున్నవాటికి ఇదే దారి. కుక్క సంస్థ పేరు మీదే ఉంటుంది, వైద్యం ఖర్చు సంస్థది, ఉండేది మీ ఇంట్లో. ఇన్సూరెన్స్ ముందునుంచీ ఉన్న జబ్బును సాధారణంగా కవర్ చేయదు కాబట్టి, చేతిలో డబ్బు ఆడనివాళ్లకు ఇది నిజమైన అవకాశం.

చిక్కల్లా అనుమతుల దగ్గర. గుండె జబ్బు కుక్క నిద్రలో నిమిషానికి 30 కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తోందంటే అదే రోజు వెట్‌కు ఫోన్ చేయాలి, ఆయాసపడుతుంటే వెంటనే బయల్దేరాలి. అర్ధరాత్రి అలా అయితే సంస్థలో ఎవరూ ఫోన్ ఎత్తకపోవచ్చు. ఎంత మొత్తం దాకా అడగకుండా ఖర్చు పెట్టవచ్చో, ఏ ఆసుపత్రికి వెళ్లాలో ముందే రాయించుకోవాలి. బాధ భరించలేని స్థితి వస్తే శాశ్వతంగా నిద్రపుచ్చే నిర్ణయం ఎవరిదన్నదీ అదే కాగితంలో ఉండాలి. చట్టప్రకారం యజమాని సంస్థే గనుక, రాతలో లేకపోతే మీ మాట ఆసుపత్రిలో చెల్లకపోవచ్చు.