కోల్‌కతా డెర్బీకి వెళ్తున్నారా? ముందు లాడ్జి సంగతి తేల్చుకోండి

ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్ల మధ్య మ్యాచ్‌నే కోల్‌కతా డెర్బీ అంటారు. అది చూద్దామని నేనూ మా బావా బయల్దేరాం. సికింద్రాబాద్ నుంచి రైలు ప్రయాణం హాయిగా సాగింది. గొడవంతా సియాల్దా దగ్గర లాడ్జిలోనే. ఫోన్‌లో రోజుకు 1,600 అని మాట్లాడుకుని 800 అడ్వాన్స్ పంపాను. తీరా వెళ్తే కౌంటర్ మీదున్నతను తలెత్తకుండానే "రేపు డెర్బీ, 2,600" అన్నాడు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వనన్నాడు. ఏసీ రిమోట్‌కి విడిగా 300. తలగడ చెమ్మగా ఉంది, బాత్రూంకి గడియ లేదు. మీరు మాత్రం మ్యాచ్ కోసమే వస్తున్నామని ముందే చెప్పి, రేటు మెసేజ్‌లో పెట్టించుకోండి. మర్నాడు మధ్యాహ్నం దాకా మా బావ నాతో మాట్లాడలేదు.

మ్యాచ్ జరిగే సాల్ట్ లేక్ స్టేడియానికి మెట్రోయే మేలు. సియాల్దాలో ఎక్కితే స్టేడియం పేరుతోనే స్టేషన్ ఉంది. టికెట్ మనిషికి 150 పడింది. గేటు దగ్గర నీళ్ల సీసా, గొడుగు రెండూ తీయించేశారు.

గ్యాలరీలో మా పక్కన ఈస్ట్ బెంగాల్ పెద్దాయన ఒకరు. మెడలో ఎరుపు, పసుపు కండువా, అంచులు పోగులు లేచిపోయాయి. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి ఇక్కడ లక్షా 31 వేల మంది కిక్కిరిసిన రోజు ఆయనా ఉన్నారట. ఈస్ట్ బెంగాల్ ఆటగాడు భూటియా మూడు గోల్స్, మోహన్ బగాన్ మీద 4-1 గెలుపు. ఒక్కో గోల్ ఎటువైపు పడిందో వేలితో చూపించారు.

మాది సికింద్రాబాద్ అన్నానో లేదో, "బలరామ్!" అంటూ నా చేయి రెండు చేతులతో పట్టేసుకున్నారు. 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టులో ఆడిన తులసీదాస్ బలరామ్ మా ఊరివాడే, ఈస్ట్ బెంగాల్‌కి ఏళ్ల తరబడి ఆడాడు. ఆ 1962 జట్టు కోచ్ రహీమ్‌ది హైదరాబాదే. మా వీధిలో ఎవరూ తలవని పేరుని అక్కడ అలా వింటే కళ్లు చెమర్చాయి.

ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వాళ్లింట్లో ఇలిష్, అంటే మన పులస. మోహన్ బగాన్ గెలిస్తే అవతలివాళ్లింట్లో రొయ్యలు. ఆ రోజు రొయ్యలదే అయింది. అలక మర్చిపోయి అరిచిన బావకి గొంతు పోయింది. పెద్దాయన కండువా నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంటూ, "ఈసారి మా ఇంటికే రండి, ఇలిష్ వండిస్తాను" అన్నారు. బావ అక్కడికక్కడే ఆయన నంబర్ రాసుకున్నాడు.