సోలో వినేటప్పుడు చెవి పియానో మీద పెట్టాలా, బేస్ మీదా?

జాజ్ పియానో ట్రియోలో ఉండేది ముగ్గురే: పియానో, డబుల్ బేస్, డ్రమ్స్. ముందు పాట ట్యూన్ వాయిస్తారు. తర్వాత అవే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే వాటి మీద ఒక్కొక్కరూ అప్పటికప్పుడు కల్పించుకుంటూ పోతారు, అదే సోలో. ఒక్కో ఆవర్తనాన్ని కోరస్ అంటారు.

కొత్తలో అందరం పియానిస్ట్ కుడిచేతి వెంటే పరిగెడతాం. నేను ఏళ్ల తరబడి అలాగే విన్నాను. పియానిస్ట్ ఆస్కార్ పీటర్సన్ వేగానికి ఒళ్ళు పులకరించేది, కానీ కాసేపటికే పాటలో ఎక్కడున్నానో తెలిసేది కాదు. ట్యూన్ కంఠతా వచ్చినవాళ్ళకి పియానో దారి సరిపోతుంది. మిగతావాళ్ళకి నేను చెప్పేది బేస్.

పీటర్సన్ ట్రియో 1962 డిసెంబర్‌లో రికార్డ్ చేసిన ‘నైట్ ట్రైన్’ ఆల్బమ్‌లో ‘సి జామ్ బ్లూస్’ పెట్టండి. ఆ ట్యూన్‌లో ఉన్నవి రెండే స్వరాలు. కోరస్‌కి 12 బార్లు (తాళం కొలతలు), బార్‌కి 4 బీట్లు. పియానోని పట్టించుకోకుండా రే బ్రౌన్ బేస్‌తో పాటు నడవండి. ఐదో బార్‌లో కార్డ్ మారి, కాళ్ళ కింద నేల కొంచెం జరిగినట్టుంటుంది. తొమ్మిదో బార్ నుంచి మళ్ళీ ఇంటి దారి పడతాం. నాలుగైదు కోరస్‌లు ఇలా నడిచాక, పీటర్సన్ ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఎక్కడ కోరస్ గీత దాటి దూకాడో చెవికి దానంతటదే పడుతుంది.

అన్ని ట్రియోల్లో బేస్ ఇలా చెయ్యి పట్టుకుని నడిపించదు. 1961 జూన్ 25న న్యూయార్క్ జాజ్ క్లబ్ విలేజ్ వాన్‌గార్డ్‌లో పియానిస్ట్ బిల్ ఎవాన్స్ ట్రియో వాయించిన రికార్డింగులు వినండి. బేస్ వాయించే స్కాట్ లఫారో పై స్వరాల్లోకి ఎక్కి పియానోతో మాటకి మాట కలుపుతాడు. బీట్ ఎక్కడుందో పైకి చెప్పడానికి డ్రమ్మర్ పాల్ మోషన్ కూడా తొందరపడడు. ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ మూడు బీట్లతో మొదలై తర్వాత నాలుగుకి మారుతుంది, లెక్క తప్పేది అక్కడే. ఇలాంటిచోట బేస్‌ని కూడా వదిలేసి అసలు ట్యూన్‌ని లోలోపల కూనిరాగం తీయాలి. తప్పిపోతే టెన్షన్ అక్కర్లేదు, తర్వాతి కోరస్ మొదట్లో మళ్ళీ అందుకోవచ్చు.

బేస్ సోలో రాగానే చాలామంది ధ్యాస పక్కకి పోతుంది. నాకైతే అసలు వినాల్సింది అప్పుడే. ‘గ్లోరియాస్ స్టెప్’ లఫారో సొంత ట్యూన్, అదే రోజు రికార్డింగుల్లో ఉంది. అతను సోలో ఎత్తుకుంటే వెనక జనం మాటలు, గ్లాసుల చప్పుడు. ఆ తర్వాత పదకొండు రోజులకే కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్ళకి. ఆ సోలో వచ్చినప్పుడు చేతిలో పని పక్కన పెట్టి, ట్యూన్ కూనిరాగం తీసుకుంటూ వింటాను.