‘థెరపీ బొమ్మ’ అన్నారని నమ్మి కొన్నాను, మీరు కొనకండి

ఆ నీలం ఏనుగు బొమ్మ వీడియో మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. తొండం నొక్కితే మాట్లాడుతుంది, చెవులు ఆడిస్తుంది, ఎదురుగా కూర్చున్న పిల్లాడు దాన్ని చూసి పకపకా నవ్వుతాడు, కింద ‘ఆటిజం పిల్లల కోసం థెరపిస్టులు తయారుచేసింది’ అని ఉంటుంది. అదే కొన్నాను. అర్ధరాత్రి, మావాడు నిద్రపోయాక, ఫోన్ చూస్తూ. కొనేముందు నాకోసారి చూపించండి అని మావాడికి థెరపీ ఇచ్చే ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్) మేడమ్ ఎన్నిసార్లు చెప్పారో, ఆ రాత్రి ఒక్కసారీ గుర్తు రాలేదు.

వాడికి నాలుగేళ్లు, చప్పుళ్లు పడవు, మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు. ఇది అమ్మేవాళ్ల చాట్‌లో ముందే చెప్పి, సౌండ్ తగ్గించుకోవచ్చా అని అడిగాను. ‘యెస్ మేడమ్, సెన్సరీ ఫ్రెండ్లీ’ అన్నారు. అంత మాట అన్నాక ఇక అడిగేదేముంది అనుకున్నాను, బుద్ధి తక్కువై.

తీరా చూస్తే సౌండ్ తగ్గించే బటనే లేదు. నొక్కగానే కేకలు, ఎర్రా ఆకుపచ్చా లైట్లు. పైగా ఒకసారి నొక్కితే పాట, ఇంకోసారి నొక్కితే ఏనుగు ఘీంకారం. మన పిల్లలకు కావలసింది దీనికి సరిగ్గా ఉల్టా కదా, నొక్కితే ఏమొస్తుందో ముందే తెలియాలి, ప్రతిసారీ అదే రావాలి, అప్పుడే మళ్లీ నొక్కుతారు, ‘ఇప్పుడు నీ వంతు, ఇప్పుడు అమ్మ వంతు’ అని మనం మధ్యలో దూరడానికి చోటు దొరుకుతుంది. ఇది చోటెక్కడిస్తుంది, కాసేపు వదిలేస్తే దానంతటదే ‘రా రా ఆడుకుందాం’ అని మొదలుపెడుతుంది. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీ వాళ్లు 2005 నుంచి ఆటిజం పిల్లల కోసం కాస్పర్ అనే రోబో మీద పనిచేస్తున్నారు, దాని ముఖంలో కవళికలు కూడా కావాలనే తక్కువ పెట్టారు, పిల్లలు తికమకపడకూడదని. ఇదంతా నేను ఎప్పుడు చదివానంటే, డబ్బు కట్టేశాక.

రెండోసారి నొక్కేసరికి వాడు మంచం కిందికి దూరాడు. ముప్పావు గంట బయటికి రాలేదు. ఇప్పుడు బటన్ ఉన్న ఏ బొమ్మనూ ముట్టడు, థెరపీలో రెండు నెలలు పట్టి అలవాటైన లైటు డబ్బాతో సహా.

అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను. ఫోనెత్తిన అబ్బాయి అంతా విని, నవ్వుతూ, ‘బొమ్మ కరెక్ట్‌గానే పనిచేస్తోంది కదా మేడమ్, ప్రాబ్లమ్ మీ బాబుకి కదా’ అన్నాడు.

నవ్వుతూ అన్నాడండీ. నాకు నోట మాట రాలేదు, రాత్రి పడుకున్నాక మాత్రం ఇరవై జవాబులు వచ్చాయి. ఆటిజం పిల్లల పేరు చెప్పి అమ్మారు, వాడు ఆటిజం పిల్లాడిలాగే ఉంటే తప్పు వాడిదయింది! శబ్దాలూ వెలుతురూ మరీ ఎక్కువగా తగలడం 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లో, అంటే డాక్టర్లు ఆటిజం లాంటివి నిర్ధారించడానికి వాడే పుస్తకంలో, ఆటిజం లక్షణాల్లోనే రాసి ఉంది, ఆ మహానుభావులైన థెరపిస్టులు ఒక్కరూ చదవలేదు కాబోలు. పేర్లు వద్దు, తయారుచేసింది స్పీచ్ వాళ్లా ఓటీ వాళ్లా అదైనా చెప్పమంటే ‘కంపెనీ సీక్రెట్’ అట. బాక్స్ తెరిచారు కాబట్టి రిటర్న్ లేదట. తెరవకుండా సౌండ్ ఎలా వినాలో కూడా సీక్రెట్టే అనుకుంటా. సాయంత్రానికి చాట్‌లో నన్ను బ్లాక్ చేశారు.

కొనేవాళ్లు సౌండ్ తగ్గుతుందా, దానంతటదే మోగకుండా ఆపొచ్చా అని అడిగి, చేసి చూపించే వీడియో పంపమనండి, మాట నమ్మకండి. అన్నట్టు, దీని బ్యాటరీ మూతకి స్క్రూ కూడా లేదు, గోటితో లాగితే వచ్చేస్తుంది, లోపల బటన్ సెల్స్, అవే బిళ్లల్లాంటి చిన్న బ్యాటరీలు. అవి మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు ముందు ఆ సెల్స్ తీసేయండి, ఆర్డర్ దారిలో ఉన్నవాళ్లు ఇప్పుడే క్యాన్సిల్ చేయండి.